డిగ్రీ చేతిలో ఉంటే అమెరికా సైన్యంలోకి ఏ దారిన వెళ్లాలి, ఏ చదువు సాయం తీసుకోవాలి?

అమెరికా సైన్యంలో మామూలు సైనికులుగా చేరేవాళ్లలో ఎక్కువమంది హైస్కూలు పూర్తిచేసి వచ్చినవాళ్లే. రిక్రూటర్లు చెప్పే "కాలేజీ ఖర్చు మేం పెట్టుకుంటాం" అనే మాట వాళ్ల కోసమే. అప్పటికే బ్యాచిలర్స్ పూర్తయినవాళ్లు అదే మాట పట్టుకుని సంతకం చేస్తే, అక్కరకొచ్చే సాయం వదిలేసి అక్కర్లేనిది మూటగట్టుకుంటారు.

అందుకే ఆర్మీయా, నేవీయా, ఎయిర్‌ఫోర్సా అన్న ప్రశ్న తర్వాత. ముందు ఆ డబ్బు దేనికి కావాలో తేల్చుకోవాలి. అయిపోయిన చదువు తాలూకు అప్పు తీర్చడానికా? ఇకముందు చేయబోయే ఎంఎస్, ఎంబీఏ, లా చదువుకా? లేక మీ చదువుతో పని అయిపోయింది, రేపు పిల్లల కాలేజీకా? ఈ మూడింటికీ దారులు వేరు. ఒక దారిలో గడిపిన సంవత్సరాలు ఇంకో దారిలో లెక్కకు రాకపోవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది.

గేటు దగ్గర ఆపేది వీసా

ఎఫ్-1 (విద్యార్థి వీసా), ఓపీటీ (చదువయ్యాక ఇచ్చే పని అనుమతి), హెచ్-1బీ (ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్లకు ప్రస్తుతం దారి లేదు. గ్రీన్‌కార్డు లేని కొందరిని భాషా నైపుణ్యం, వైద్య నైపుణ్యం చూసి తీసుకున్న మావ్నీ పథకం 2008లో వచ్చింది, 2016లో కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేసింది. ఇప్పటికీ దాని పేరు చెప్పి ఎవరైనా ఆశ పెడితే నమ్మకండి.

గ్రీన్‌కార్డు ఉంటే ఎన్‌లిస్టెడ్‌గా, అంటే సైనికుడి హోదాలో చేరవచ్చు. ఆఫీసర్ కావాలంటే మాత్రం పౌరసత్వం ఉండి తీరాలి. హైదరాబాద్‌లో బీటెక్, అమెరికాలో ఎంఎస్ చేసినవాళ్లయినా సరే, గ్రీన్‌కార్డుతో వెళ్తే కింది మెట్టు నుంచే మొదలు. పైగా పౌరులు కానివాళ్లకు సెక్యూరిటీ క్లియరెన్స్ ఇవ్వరు. అంటే సైబర్ ఆపరేషన్స్ (17సీ), ఇంటెలిజెన్స్ (35 వరస) లాంటి ఉద్యోగాలు వాళ్లకు తెరుచుకోవు. కంప్యూటర్ సైన్స్ డిగ్రీ పట్టుకుని వెళ్లినవాళ్ల ముందు ట్రక్ డ్రైవర్, వంటశాల, సామాన్ల స్టోర్ ఉద్యోగాల జాబితా పెడితే ఆశ్చర్యపోవద్దు. అవి చెడ్డ ఉద్యోగాలని కాదు. తెలిసి వెళ్లాలి, అంతే.

దీనికి బదులుగా దొరికేది పౌరసత్వం. 2001 సెప్టెంబరు 11 నుంచి నడుస్తున్న కాలాన్ని చట్టం యుద్ధకాలంగానే లెక్కిస్తోంది. అందుకని సైన్యంలో ఉన్నవాళ్లు మామూలుగా ఆగాల్సిన అయిదేళ్లు ఆగకుండా ఎన్-400 దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫీజు లేదు. సర్వీసు ధ్రువీకరించే ఎన్-426 ఫారం మీద యూనిట్‌లో సంతకం చేయించుకోవాలి. కాగితాలు నెలల తరబడి నానేది సాధారణంగా ఈ సంతకం దగ్గరే. అయిదేళ్ల గౌరవప్రదమైన సర్వీసు పూర్తికాకముందే చెడ్డ రిమార్కుతో బయటకు పంపితే, అలా వచ్చిన పౌరసత్వాన్ని వెనక్కి తీసుకునే వీలు కూడా చట్టంలో ఉంది.

మన ఇళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవాళ్లకు, పనిచేసి రిటైరైనవాళ్లకు భారత ప్రభుత్వం ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లు వీసా లేకుండా రావడానికి ఇచ్చేది) ఇవ్వదు. అమెరికా పౌరసత్వం తీసుకోగానే భారత పాస్‌పోర్టు అప్పగించాలి. ఆ తర్వాత అమ్మానాన్నలను చూడడానికి విజయవాడ రావాలన్నా, చెల్లెలి పెళ్లికి కరీంనగర్ రావాలన్నా వీసా తీసుకోవాల్సిందే. ఊళ్లో పొలమో, ఫ్లాటో ఉన్నవాళ్లు సంతకానికి ముందే దీని గురించి ఇంట్లో మాట్లాడుకోవడం మంచిది.

సైనికుడా, ఆఫీసరా

పౌరసత్వం, డిగ్రీ రెండూ ఉన్నవాళ్లకు మా సలహా సూటిగా చెబుతాం. ముందు ఆఫీసర్ దారి ప్రయత్నించండి. కుదరకపోతేనో, ప్రత్యేకంగా ఏదైనా చేతిపని నేర్చుకోవాలనుకుంటేనో ఎన్‌లిస్టెడ్ వైపు రండి.

జీతంతో మొదలుపెడదాం. సైనికుల హోదాలు ఈ-1తో మొదలవుతాయి. బ్యాచిలర్స్ ఉన్నవాళ్లను ఆర్మీ ఈ-4 హోదాలో తీసుకుంటుంది. నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లలో ఈ-3, మెరైన్స్‌లో ఈ-2. 2025 పట్టిక చూస్తే కొత్త ఈ-4 మూల వేతనం నెలకు సుమారు 3,000 డాలర్లు, కొత్త ఆఫీసర్ (ఓ-1)ది సుమారు 4,000. అసలు తేడా ఇంటి దగ్గర తెలుస్తుంది. పెళ్లికాని ఈ-4 బ్యారక్స్‌లో ఉంటారు కాబట్టి ఇంటి అలవెన్సు చేతికి రాదు. ఆఫీసర్‌కు మామూలుగా వస్తుంది. ఇండియా డిగ్రీ ఉన్నవాళ్లు న్యాసెస్ (విదేశీ డిగ్రీలను మదింపు చేసే సంస్థల సంఘం)లో సభ్యత్వం ఉన్న సంస్థతో డిగ్రీని మదింపు చేయించి, ఆ నివేదికను రిక్రూటర్‌కు ఇవ్వాలి. అది ఫైల్లో లేకుండా ఒప్పందం రాస్తే ఈ-1గా మొదలుపెట్టించే ప్రమాదం ఉంది. అప్పుడు 2025 లెక్కన మొదటి నాలుగు నెలలు గడిచాక కూడా మూల వేతనం 2,319 డాలర్లే.

ఆర్మీ ఆఫీసర్ క్యాండిడేట్ స్కూల్ (ఓసీఎస్) జార్జియాలోని ఫోర్ట్ బెనింగ్‌లో 12 వారాలు నడుస్తుంది. బయటినుంచి నేరుగా వచ్చేవాళ్లకు 09ఎస్ అనే ఒప్పందం ఉంది. దీంట్లో ముందు 10 వారాల బేసిక్ ట్రైనింగ్, తర్వాత ఓసీఎస్. దీనికి బోర్డు ఎంపిక ఉంటుంది, నెలలు పడుతుంది. ఓపిక లేని రిక్రూటర్ "ముందు సైనికుడిగా చేరిపో, లోపలికెళ్లాక ఓసీఎస్ పెట్టుకుందువుగాని" అంటాడు. అది అబద్ధం కాదు. కానీ లోపలికెళ్లాక మీ కమాండర్ ఒప్పుకోవాలి, సైన్యంలో చేరేటప్పుడు రాసే ఆస్వాబ్ పరీక్షలో జీటీ స్కోరు 110 ఉండాలి, యూనిట్ మిమ్మల్ని వదలాలి. ఆఫీసరే కావాలనుకునేవాళ్లు ఆ మాట ఒప్పందంలో ఉంటేనే సంతకం చేయాలి. ఓసీఎస్‌లో తప్పితే ఇంటికి పంపరు. ఆర్మీకి ఎక్కడ మనుషులు కావాలో అక్కడ సైనికుడిగా మిగతా కాలం పూర్తి చేయాలి.

ఆఫీసర్ దారిలోనూ ఒక నష్టం ఉంది. సర్వీసులో ఉంటూ చదువుకోవడానికి ఇచ్చే ట్యూషన్ అసిస్టెన్స్ వాడుకుంటే యాక్టివ్ డ్యూటీ (పూర్తికాలం సర్వీసు) ఆఫీసర్ ఆ కోర్సు తర్వాత మరో రెండేళ్లు ఉండాలి. సైనికులకు ఆ షరతు లేదు. ఎన్‌లిస్టెడ్‌కు ఇచ్చే అప్పు తీర్చే పథకం కూడా ఆఫీసర్లకు రాదు. ఎన్‌లిస్టెడ్‌గా నాలుగేళ్లకు పైగా యాక్టివ్ డ్యూటీ చేసి ఆఫీసర్ అయినవాళ్లకు మాత్రం ఓ-1ఈ అనే ఎక్కువ జీతం వరస ఉంది.

అప్పు తీర్చే పథకం: వినడానికి తీపి

స్టూడెంట్ లోన్ రీపేమెంట్ కింద ఆర్మీ యాక్టివ్ డ్యూటీ సైనికులకు గరిష్ఠంగా 65,000 డాలర్లు ఇస్తుంది. సర్వీసు ఏడాది పూర్తయిన ప్రతిసారీ అసలులో మూడోవంతు గానీ 1,500 డాలర్లు గానీ, ఏది ఎక్కువైతే అది చెల్లిస్తారు. ఏ ఉద్యోగాలకు ఇస్తారన్నది మారుతూ ఉంటుంది.

45,000 డాలర్ల అప్పుతో లెక్క వేద్దాం. మొదటి ఏడాది చివర 15,000 మంజూరవుతుంది. ఇది ఆదాయం కింద లెక్క, పన్ను పట్టుకుంటారు. 22 శాతం చొప్పున 3,300 పోతే బ్యాంకుకు చేరేది 11,700. మూడేళ్లకు 35,100. మిగిలిన 9,900, దానితోపాటు ఈ మూడేళ్లూ పెరిగిన వడ్డీ మీవే, ఎందుకంటే పథకం అసలు మాత్రమే కడుతుంది. ఏటా డీడీ 2475 ఫారం మీరే నింపి పంపాలి. పంపకపోతే ఆ ఏడాది డబ్బు దానంతటది రాదు. ఈలోగా కిస్తీలు ఆపి లోన్ డిఫాల్ట్‌లో పడితే పథకమే పోతుంది.

అంతకంటే పెద్ద మెలిక ఇది: అప్పు తీర్చిన ఆ మూడేళ్లూ పోస్ట్ 9/11 జీఐ బిల్లు (సర్వీసు చేసినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే చదువు సాయం) అర్హతకు లెక్కకు రావు. మూడేళ్ల ఒప్పందంతో అప్పు తీర్పించుకుని బయటికొస్తే జీఐ బిల్లు సున్నా. రెండూ నిండుగా కావాలంటే ఆరేళ్లు ఉండాలి.

పథకం ఏ అప్పుకు వర్తిస్తుందో చూసుకోండి. అమెరికా ప్రభుత్వ ఫెడరల్ లోన్లకే. ఎఫ్-1 మీద వచ్చి చదివినవాళ్లకు ఫెడరల్ లోన్ రాదు కాబట్టి వాళ్ల చేతిలో ఉన్నది ఇండియా బ్యాంకు అప్పో, ప్రైవేటు కంపెనీ అప్పో అయి ఉంటుంది. దానికి ఈ పథకం పైసా కట్టదు. అమెరికాలో పెరిగిన పిల్లలు చేసే పొరపాటు ఇంకోటి: వడ్డీ తగ్గుతుందని ఫెడరల్ లోన్‌ను ప్రైవేటు సంస్థ దగ్గర రీఫైనాన్స్ చేయించుకుంటారు. ఆ రోజుతో అర్హత పోయినట్టే. ప్రైవేటు అప్పు ఉన్నవాళ్లకు దక్కే ఊరట వేరే చట్టంలో ఉంది. యాక్టివ్ డ్యూటీకి ముందు తీసుకున్న అప్పు మీద సర్వీసు కాలంలో వడ్డీ 6 శాతం దాటకూడదు. ఇది అమెరికా సంస్థలకు వర్తిస్తుంది, అడిగి రాయించుకోవాలి.

మా లెక్కలో ఫెడరల్ అప్పు 20,000 లోపు ఉంటే ఈ పథకం జోలికి పోకపోవడమే మేలు. ఆ కాస్త అప్పు జీతంలోంచి తీర్చుకోవచ్చు. దానికోసం మూడేళ్ల జీఐ బిల్లు వదులుకోవడమంటే ఎలుక కోసం ఇల్లు తగలబెట్టుకోవడమే.

జీఐ బిల్లు: మాస్టర్స్‌కైనా, పిల్లలకైనా

పోస్ట్ 9/11 జీఐ బిల్లు మొత్తం 36 నెలల చదువు ఇస్తుంది. తొమ్మిది నెలల విద్యా సంవత్సరం లెక్కన నాలుగేళ్లు. బ్యాచిలర్స్ ఉందని కోత పెట్టరు. మాస్టర్స్, పీహెచ్‌డీ, రెండో బ్యాచిలర్స్, లైసెన్సు పరీక్షలు, అప్రెంటిస్‌షిప్ దేనికైనా వాడుకోవచ్చు. ప్రభుత్వ యూనివర్సిటీలో ఆ రాష్ట్రం వాళ్లకుండే ఫీజు మొత్తం కడతారు. ప్రైవేటులో 2025-26 విద్యా సంవత్సరానికి పరిమితి 29,920.95 డాలర్లు. దాని పైన ఉన్న ఫీజు కోసం యెల్లో రిబ్బన్ ఒప్పందం ఉన్న కాలేజీ చూసుకోవాలి. అక్కడ మిగతాదాంట్లో కొంత కాలేజీ భరిస్తే అంతే మొత్తం ప్రభుత్వం కలుపుతుంది. దీనికి మీ అర్హత నూటికి నూరు శాతం ఉండాలి. ఖరీదైన ఎంబీఏ మీద కన్నున్నవాళ్లు కాలేజీ ఎంపికకు ముందే ఆ కాలేజీ మీ కోర్సుకు ఎన్ని సీట్లు, ఎంత మొత్తం కేటాయించిందో అడగాలి. ఒకే యూనివర్సిటీలో బ్యాచిలర్స్‌కు ఒక లెక్క, బిజినెస్ స్కూలుకు ఇంకో లెక్క ఉంటుంది.

నూరు శాతానికి 36 నెలల యాక్టివ్ డ్యూటీ కావాలి. 90 రోజులకు 50 శాతం, 6 నెలలకు 60, 18 నెలలకు 70, 24కు 80, 30కి 90. మొత్తం సర్వీసు 24 నెలలకన్నా తక్కువైతే బేసిక్ ట్రైనింగ్, ఉద్యోగ శిక్షణ కాలం ఇందులో కలపరు. ఆర్‌వోటీసీ (కాలేజీలో ఉండగానే ఇచ్చే ఆఫీసర్ శిక్షణ) స్కాలర్‌షిప్‌తో డిగ్రీ చేసి ఆఫీసర్ అయినవాళ్లకు ఆ బాకీ తీర్చే సంవత్సరాలు లెక్కకు రావు. ఓసీఎస్ నుంచి వచ్చినవాళ్లకు ఆ కోత లేదు. సొంత డబ్బుతో డిగ్రీ చేసినవాళ్లకు ఓసీఎస్ లాభించే చోటు ఇదే.

ఫీజు కాకుండా ఇంటి అలవెన్సు కూడా వస్తుంది. కాలేజీ ఉన్న పిన్‌కోడ్‌లో, భార్యాపిల్లలున్న ఈ-5 కి ఎంత ఇస్తారో అంత. పుస్తకాలకు ఏడాదికి 1,000 డాలర్ల వరకు. అన్నీ ఆన్‌లైన్ క్లాసులే తీసుకుంటే అలవెన్సు జాతీయ సగటులో సగానికి పడిపోతుంది. ఒక్క క్లాసైనా క్యాంపస్‌లో ఉంటే స్థానిక లెక్క వర్తిస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో లాంటి చోట ఈ ఒక్క క్లాసుతో నెలకు వేలల్లో తేడా వస్తుంది. యాక్టివ్ డ్యూటీలో ఉంటూ వాడితే అలవెన్సు అసలే రాదు. అందుకే సర్వీసులో ఉన్నంతకాలం ట్యూషన్ అసిస్టెన్స్ మీద మాస్టర్స్ క్లాసులు నడిపించుకుని, జీఐ బిల్లును బయటికొచ్చాకే తెరవడం తెలివైన పని. ట్యూషన్ అసిస్టెన్స్ సెమిస్టర్ అవర్‌కు 250 డాలర్లు, ఆర్మీలో ఏడాదికి 4,500 వరకు. రెండో బ్యాచిలర్స్‌కు అది పనికిరాదు. మాస్టర్స్‌లో బీ గ్రేడుకన్నా తక్కువ వస్తే ఆ డబ్బు తిరిగి కట్టాలి.

పిల్లల కోసం అనుకునేవాళ్లకు నియమం ఒక్కటే, కానీ కఠినం. ఆరేళ్లు సర్వీసు పూర్తయ్యాక, ఇంకో నాలుగేళ్లు ఉంటానని ఒప్పుకుని, సర్వీసులో ఉండగానే బదిలీ చేయాలి. జీవిత భాగస్వామి వెంటనే వాడుకోవచ్చు. పిల్లలైతే మీకు పదేళ్ల సర్వీసు నిండాక, వాళ్లకు 26 ఏళ్లు వచ్చేలోపు. మీరు ఇంకా యాక్టివ్ డ్యూటీలో ఉన్నా పిల్లలకు ఇంటి అలవెన్సు వస్తుంది, భార్యకో భర్తకో రాదు. ఇప్పటికే మాస్టర్స్ ఉండి ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంటికి సైన్యం ఇచ్చేవాటిలో ఇంతకన్నా విలువైనది కనిపించదు. పుట్టబోయే బిడ్డ పేరు సర్వీసులో ఉన్నంతవరకు తర్వాత చేర్చవచ్చు. సర్వీసులో ఉండగా కనీసం ఒక్కరికి ఒక్క నెలైనా బదిలీ చేసి ఉంచడం మంచిది. బయటికొచ్చాక కొత్తగా ఎవరి పేరూ చేర్చనివ్వరు.

టెక్సాస్ వాళ్లకు ఇంకో మాట. సర్వీసులో చేరేనాటికి టెక్సాస్ నివాసి అయి ఉండి, శిక్షణ కాకుండా 181 రోజుల యాక్టివ్ డ్యూటీ చేసినవాళ్లకు హేజిల్‌వుడ్ చట్టం ప్రభుత్వ కాలేజీల్లో 150 క్రెడిట్ అవర్ల వరకు ఫీజు మాఫీ చేస్తుంది. వాడని అవర్లను బిడ్డకు ఇవ్వవచ్చు. అందుకే ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఉంటున్న కుర్రాడు వేరే రాష్ట్రంలో ఉన్న స్నేహితుడి అడ్రసుతో చేరకూడదు.

సర్వీసులో కొత్తగా చేరినవాళ్ల ముందు డీడీ 2366 అనే కాగితం పెడతారు. అది పాత మాంట్‌గోమరీ జీఐ బిల్లుది. చేరితే నెలకు 100 చొప్పున 12 నెలలు, 1,200 డాలర్లు జీతంలో కోస్తారు. అప్పు తీర్చే పథకం తీసుకున్నవాళ్లు దీన్ని నిరాకరించి తీరాలి. మిగతా డిగ్రీ హోల్డర్లలోనూ చాలామందికి పోస్ట్ 9/11 ఒక్కటే చాలు. రెండు వేర్వేరు దఫాల సర్వీసుతో రెండు బిల్లులకూ అర్హత వస్తే మొత్తం 48 నెలల వరకు వాడుకోవచ్చని 2024లో సుప్రీంకోర్టు రుడిసిల్ కేసులో తేల్చింది. మళ్లీ చేరే ఆలోచన ఉన్నవాళ్లే దీని గురించి తలబద్దలు కొట్టుకోవాలి.

ఉద్యోగం వదలకుండా: రిజర్వు, గార్డ్

నెలకో వారాంతం, ఏడాదికి రెండు వారాలు. ఐటీ ఉద్యోగం మానకుండా యూనిఫాం వేసుకోవాలంటే ఇదే. కానీ ఆ వారాంతాలు పోస్ట్ 9/11 లెక్కకు రావు. పిలుపు వచ్చి యాక్టివ్ డ్యూటీకి వెళ్లిన రోజులే వస్తాయి. ఆరేళ్ల ఒప్పందంతో వచ్చే రిజర్వు జీఐ బిల్లు (1606) పూర్తికాలం చదువుకు నెలకు 500 డాలర్ల లోపే, ఇంటి అలవెన్సు లేదు. అప్పు తీర్చే పథకం ఇక్కడ గరిష్ఠంగా 50,000, ఏటా అసలులో 15 శాతం చొప్పున. చదువు సాయం కోసమే అయితే రిజర్వు బలహీనమైన ఎంపిక. చౌక ఆరోగ్య బీమా కోసం మాత్రం చాలామందిని నిలబెట్టేది ఇదే: 2025లో ట్రైకేర్ రిజర్వ్ సెలెక్ట్ ఒక్కరికి నెలకు 53.80 డాలర్లు, కుటుంబానికి 274.48.

సంతకం నుంచి బయటికొచ్చే రోజు దాకా తప్పేవి

ఒప్పందం డీడీ 4. దానికి అంటించే అనుబంధాల్లో మీ ఉద్యోగం కోడ్, హోదా, బోనస్, లోన్ పథకం పేర్లు రాసి ఉండాలి. మెప్స్ అనే పరీక్షా కేంద్రంలో (చేరేవాళ్లను పరీక్షించి సంతకాలు తీసుకునే చోటు) తెల్లవారుజాము నుంచి పరీక్షలు చేసి, మధ్యాహ్నం అలసిపోయాక కాగితాలు చేతికిస్తారు. అక్కడే కూర్చుని ప్రతి అనుబంధం చదవండి. లేనిది కనిపిస్తే సంతకం చేయకుండా లేచి రావచ్చు. ఆలస్యంగా బయల్దేరే పథకంలో ఉన్నవాళ్లు బయల్దేరే రోజుకు ముందు మనసు మార్చుకున్నా కేసులేమీ ఉండవు.

కాలేజీలో చేరాక డబ్బు నెల గడిచాక వస్తుంది. సెలవుల్లో క్లాసులు లేని రోజులకు రాదు, డిసెంబరు అలవెన్సు సగమే కనిపిస్తుంది. రెండు నెలల అద్దె చేతిలో ఉంచుకోవాలి. మధ్యలో క్లాసు వదిలేస్తే ఆ మొత్తం అప్పుగా మీ మీదే పడుతుంది.

అన్నింటికన్నా ఖరీదైన పొరపాటు చివరి రోజు జరుగుతుంది. బయటికొచ్చేటప్పుడు ఇచ్చే డీడీ 214లో సర్వీసు స్వభావం "ఆనరబుల్" అని ఉంటేనే జీఐ బిల్లు. "జనరల్" అని ఉంటే, చూడ్డానికి చిన్న తేడాలా కనిపించినా, ఆరోగ్య సేవల లాంటివి ఉంటాయేమోగానీ చదువు డబ్బు మాత్రం రాదు. గొడవపడి, బరువు పరీక్షలో తప్పి, త్వరగా ఇంటికెళ్లిపోతే చాలనుకునేవాళ్లకు ఆ తొందరలో ఇదే కాగితం చేతిలో పెడతారు. సంతకానికి ముందు బేస్‌లో ఉచితంగా దొరికే డిఫెన్స్ లాయర్ దగ్గరకు వెళ్లి ఆ గడి చూపించండి.